పసుపు ఆంత్రసీన్ నకిలీదేం కాదు: తారులోంచి వచ్చే ఈ సరుకు గురించి కాస్త వివరంగా

నువ్వు అడిగినవి మూడు. పుస్తకంలో ఆంత్రసీన్‌కి (బొగ్గు తారులోంచి తీసే పలుకుల పదార్థం ఇది) రంగు ఉండదనీ యూవీ, అంటే అతినీలలోహిత ల్యాంప్ కింద నీలంగా మెరుస్తుందనీ ఉంది, మీ ల్యాబ్ సీసాలోదేమో లేత పసుపుగా ఉండి ల్యాంప్ కింద ఆకుపచ్చగా మెరుస్తోంది, సరుకు నకిలీదా అన్నది ఒకటి. తారులోనే దొరికే ఫెనాంత్రీన్‌కీ దీనికీ ఫార్ములా ఒకటే అయినప్పుడు మెల్టింగ్ పాయింట్‌లో అంత తేడా ఎందుకు అన్నది రెండోది. ముట్టుకుంటే క్యాన్సర్ వస్తుందని సీనియర్లు భయపెడుతున్నారు, నిజమేనా అన్నది మూడోది. నేను బొగ్గుని కాల్చి కోక్‌గా మార్చే ఓవెన్ల పక్కన ల్యాబ్‌లోనే సర్వీసంతా చేసి రిటైరయ్యాను, బట్టలకి పట్టిన తారు వాసనకి ఇంట్లో వాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, కాబట్టి ఈ సరుకుతో పరిచయం బాగానే ఉంది. కాస్త పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదువు. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా అబ్బాయి కంటే చిన్నవాడివి.

ముందు సీసా సంగతి. నకిలీ కాదు, మామూలు గ్రేడ్ సరుకు, అంతే. అందులో టెట్రసీన్ అని దీని పెద్దన్న ఒకడు దాక్కుని ఉంటాడు. ఆంత్రసీన్‌లో మూడు బెంజీన్ రింగులు (ఆరేసి కార్బన్ల వలయాలు) ఒకే వరసలో అతుక్కుని ఉంటాయి, టెట్రసీన్‌లో నాలుగు. ఈ వరస పొడుగయ్యేకొద్దీ అది పీల్చుకునే వెలుతురు యూవీ వైపు నుంచి కంటికి కనిపించే వైపుకి జరుగుతూ వస్తుంది. వెలుతురు తరంగం పొడవు లెక్కన బెంజీన్ 255 నానోమీటర్ల దగ్గర, ఆంత్రసీన్ 375 దగ్గర, టెట్రసీన్ 470 దాటి. అందుకే ఆంత్రసీన్ కంటికి తెల్లగా కనిపిస్తుంది, టెట్రసీన్ నారింజ రంగులో ఉంటుంది, ఇంకో రింగు చేరిన పెంటసీన్ ముదురు నీలం. ఆ నారింజ కొంచెం కలిస్తే తెల్లది పసుపుగా కనపడటంలో వింతేముంది.

అసలు వింత వెలుగు రంగు మారడంలో ఉంది. టెట్రసీన్ లక్షకి ఒక పాలు ఉన్నా చాలు, పలుకులు నీలం మానేసి ఆకుపచ్చగా మెరుస్తాయి. పలుకులో మాలిక్యూల్స్ ఒకదాని పక్కన ఒకటి బాగా దగ్గరగా ఉంటాయి కదా, ఒక ఆంత్రసీన్ మాలిక్యూల్ యూవీని పీల్చుకుంటే ఆ ఎనర్జీ అక్కడే కూర్చోదు, పక్కదానికి, దాని పక్కదానికి అలా గెంతుతూ పోతుంది. దారిలో ఎక్కడో ఒక టెట్రసీన్ తగులుతుంది, దాని ఎనర్జీ లెవెల్ కిందకి ఉంటుంది కాబట్టి ఎనర్జీ అందులో పడితే మళ్ళీ పైకి రాలేదు, అక్కడి నుంచే వెలుగై బయటికొస్తుంది, టెట్రసీన్ వెలుగు కాబట్టి ఆకుపచ్చ. అంటే వెలుతురు మింగింది ఒకడు, కక్కింది ఇంకొకడు.

ఇది నమ్మకం కుదరకపోతే నువ్వే చూసుకోవచ్చు, పెద్ద సామానేం అక్కర్లేదు. స్పాచులా మొనమీద రెండు పలుకులు తీసుకుని ఒక టెస్ట్ ట్యూబ్ సైక్లోహెక్సేన్‌లోనో ఆల్కహాల్‌లోనో వేసి బాగా ఊపి, గదిలో లైట్లు ఆర్పి 365 నానోమీటర్ల ల్యాంప్ పెట్టు. సీసాలో ఆకుపచ్చగా మెరిసిందే ట్యూబులో చక్కని నీలి ఊదా వెలుగు ఇస్తుంది. పల్చటి ద్రావణంలో మాలిక్యూల్స్ దూరం దూరంగా ఉంటాయి, ఎనర్జీ గెంతడానికి పక్కన ఎవరూ ఉండరు, కాబట్టి ఎవరి వెలుగు వాళ్ళదే. టెట్రసీన్ అక్కడే ఉంది, ఎటూ పోలేదు, కాకపోతే లక్షలో ఒకటి సొంతంగా ఎంత వెలుగు ఇస్తుంది చెప్పు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఫ్లోరోమీటర్ (ఏ తరంగం దగ్గర ఎంత వెలుగు వస్తుందో కొలిచే మెషీన్) ఉంటే గీయించి చూడు, 380, 400, 425, 450 ప్రాంతాల్లో నాలుగు శిఖరాలు మెట్లు మెట్లుగా వస్తాయి, పీల్చుకునే గ్రాఫ్ పక్కన పెడితే రెండూ అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. ఇంత నీటుగా వచ్చే పదార్థాలు తక్కువ, అందుకే మేష్టార్లకి ఇది ఇష్టం. ఒక్క మాట, ద్రావణంలో కరిగిన గాలిలోని ఆక్సిజన్ ఈ వెలుగుని కొంత తగ్గించేస్తుంది, నైట్రోజన్ బబుల్ చేసి కొలిస్తే ఎక్కువ వస్తుంది, రీడింగులు రోజుకో రకంగా వస్తున్నాయని కంగారు పడకు.

ఇప్పుడు ఇది ఎక్కడ్నుంచి వస్తుందో చెప్తే ఆ మలినాలు ఎందుకు వదలవో అర్థమవుతుంది. బొగ్గుని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల పైన కాలిస్తే కోక్ మిగులుతుంది, పైకి వచ్చిన గ్యాస్‌ని చల్లారిస్తే నల్లటి తారు దిగుతుంది, టన్ను బొగ్గుకి ఓ 30, 40 కిలోలు. మన వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో 7 మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్ బ్యాటరీల పక్కనే ఈ కోల్ కెమికల్స్ వ్యవహారం అంతా ఉంటుంది, గ్యాస్‌లోని అమ్మోనియా నుంచి చేసే అమ్మోనియం సల్ఫేట్ ఎరువు కూడా అక్కడిదే. చాలామంది రోడ్డు మీద వేసేది కూడా ఇదే తారు అనుకుంటారు, కాదు, ఇవాళ రోడ్లకి వేసేది పెట్రోలియం రిఫైనరీ నుంచి వచ్చే బిట్యుమెన్, దాని వంశం వేరు.

ఆ తారుని డిస్టిల్ చేస్తే ముందు తేలిక నూనెలు, తర్వాత బట్టల్లో పెట్టే కలరా ఉండల నాఫ్తలీన్, అది తారులో నూటికి పది పాళ్ళ దాకా ఉంటుంది, ఆ తర్వాత 300 డిగ్రీల ఎగువన ఆంత్రసీన్ ఆయిల్ అని జిడ్డుగా ఆకుపచ్చ ఛాయతో ఉన్న నూనె వస్తుంది. పేరు దీనిదే గానీ నూనెలో ఎక్కువ వాటా దీనిది కాదు. మొత్తం తారులో ఆంత్రసీన్ ఒకటి, ఒకటిన్నర శాతం, ఫెనాంత్రీన్ ఐదు శాతం దాకా. ఈ నూనె చల్లారితే అడుగున మడ్డిలా పలుకులు కూరుకుంటాయి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీస్తే వచ్చేదాన్ని క్రూడ్ ఆంత్రసీన్ అంటారు, ఆ ముద్దలో ఆంత్రసీన్‌తో పాటు ఫెనాంత్రీన్, కార్బజోల్ ముగ్గురూ కలిసే ఉంటారు. ఆంత్రసీన్ మరిగేది 340 దగ్గర, ఫెనాంత్రీన్ కూడా దాదాపు అక్కడే, కార్బజోల్ 355. డిస్టిలేషన్‌తో ఈ ముగ్గుర్నీ విడదీయడం అయ్యే పని కాదు. ఇక్కడే నీ రెండో ప్రశ్న అక్కరకొస్తుంది.

ఆంత్రసీన్, ఫెనాంత్రీన్ రెండింటిలోనూ 14 కార్బన్లు 10 హైడ్రోజన్లు, మాలిక్యులర్ వెయిట్ 178. ఒకటి నిటారుగా ఉంటుంది, రెండోది మధ్యలో వంగి ఉంటుంది. తిన్నటి కట్టెల్ని మోపు కడితే గట్టిగా బిగుస్తుంది, వంకర కట్టెలు కలిస్తే మధ్యలో ఖాళీలు మిగిలి మోపు వదులుగా ఉంటుంది, పలుకుల్లోనూ ఇంచుమించు అదే కథ. బిగువుగా అమరిన ఆంత్రసీన్‌ని కరిగించాలంటే 216 డిగ్రీలు కావాలి, ఫెనాంత్రీన్ 100 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మరి మరిగేది ఒక్క చోటే ఎందుకంటే ద్రవంగా మారాక ఆ అమరిక ఎలాగూ పోయింది, రెండింటి సైజూ బరువూ ఒకటే, కాబట్టి ఆవిరవడానికి పట్టే కష్టం కూడా దాదాపు ఒకటే.

సాల్వెంట్‌లో కరగడానికి కూడా ముందు ఆ అమరికని విడగొట్టాలి, కాబట్టి ఆంత్రసీన్ మొండిది. గది టెంపరేచర్‌లో 100 మిల్లీలీటర్ల టాలుయిన్ గ్రాము చిల్లర మించి కరిగించుకోదు, ఫెనాంత్రీన్ మాత్రం హాయిగా పోతుంది. నీళ్ళలో అయితే లీటరుకి ఆంత్రసీన్ 0.05 మిల్లీగ్రాముల లెక్క, ఫెనాంత్రీన్ ఒక మిల్లీగ్రాము పైన, అంటే ఇరవై రెట్లు తేడా. ప్లాంట్‌లో చేసేది దీని ఆధారంగానే, క్రూడ్ ముద్దని సాల్వెంట్ నాఫ్తాతో కడిగితే ఫెనాంత్రీన్ నూనెలోకి వెళ్ళిపోతుంది. కార్బజోల్‌లో నైట్రోజన్ మీద కొంచెం యాసిడ్ గుణం ఉన్న హైడ్రోజన్ ఉంటుంది, పొటాష్‌తో కరిగించి దాన్ని పట్టేసేవాళ్ళు, పిరిడిన్ లాంటి సాల్వెంట్లతో లాగెయ్యడం ఇంకో దారి. టెట్రసీన్ దగ్గరే చిక్కు, అదీ నిటారు మనిషే, ఆంత్రసీన్ పలుకులో దాని స్థానంలో చక్కగా ఇమిడిపోతుంది, ఎన్నిసార్లు రీక్రిస్టలైజ్ చేసినా పూర్తిగా వదలదు. దాన్ని వదిలించాలంటే జోన్ రిఫైనింగ్ దాకా, అంటే కడ్డీని కొంచెం కొంచెంగా కరిగిస్తూ మలినాల్ని ఒక చివరికి తోసే పద్ధతి దాకా వెళ్ళాల్సిందే. మీ కాలేజీ సీసా పసుపుగా ఉండటానికి కారణం ఇదన్నమాట.

సరే, రంగూ ఆకారమూ అయింది. నన్నడిగితే ఆంత్రసీన్ గుణాలన్నిట్లోకీ అసలైనది దాని మధ్య రింగు. నువ్వు పరీక్షకి బట్టీ పట్టే రియాక్షన్లు, ఆక్సిడేషన్, బ్రోమిన్ కలపడం, డీల్స్ ఆల్డర్ (రెండు మాలిక్యూల్స్ కలిసి కొత్త రింగు కట్టే రియాక్షన్), ఎండలో జతకట్టడం, అన్నీ 9, 10 కార్బన్ల దగ్గరే జరుగుతాయి, అంటే మధ్య రింగు మొనల దగ్గర. ఎందుకో ఒక చిన్న కూడికా తీసివేతతో తేలిపోతుంది. రిజోనెన్స్ ఎనర్జీ, అంటే రింగుల వల్ల వచ్చే అదనపు స్థిరత్వం, మోల్‌కి బెంజీన్‌కి 36 కిలోకేలరీలు, నాఫ్తలీన్‌కి 61, ఆంత్రసీన్‌కి 84 అని పాత లెక్క. చివరి రింగు మీద ఏదైనా వచ్చి చేరితే మిగిలేది నాఫ్తలీన్, 84లోంచి 61 తీస్తే 23 నష్టం. మధ్య రింగు మీద చేరితే రెండు వైపులా రెండు పూర్తి బెంజీన్లు మిగులుతాయి, రెండు 36లు 72, నష్టం 12 మాత్రమే. తక్కువ నష్టం ఉన్న దారి ఉండగా ఎవరు మాత్రం ఎక్కువ నష్టం వైపు వెళ్తారు. ఫెనాంత్రీన్‌కి ఈ సంఖ్య 92, అంటే అది స్థిరంగా ఉండటంలో ఆంత్రసీన్ కంటే ఓ మెట్టు పైన.

ల్యాబ్‌లో దీన్ని కళ్ళారా చూడాలంటే మెలియిక్ ఎన్‌హైడ్రైడ్‌తో డీల్స్ ఆల్డర్ ప్రయోగం చెయ్యి, ఎలాగూ మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. రెండూ జైలీన్‌లో వేసి ఓ అరగంట రిఫ్లక్స్ చేస్తే, అంటే ఆవిరి మళ్ళీ కిందికి దిగేలా మరిగిస్తే, చల్లారాక తెల్లటి పలుకులు వస్తాయి. బాగా కడిగి ఆరబెట్టి వాటిని ల్యాంప్ కింద పెడితే ఇందాకటి మెరుపు ఉండదు. మూడు రింగుల వరస తెగిపోయి విడివిడిగా రెండు బెంజీన్లు మిగిలాయి, బెంజీన్ 365 దగ్గర ఏమీ పీల్చుకోదు, ఇంక వెలుగెక్కడ్నుంచి వస్తుంది. ఎక్కడన్నా నీలం చుక్కలు కనపడితే రియాక్షన్ అవ్వని ఆంత్రసీన్ మిగిలిందని అర్థం, టీఎల్‌సీ (పల్చటి పొర మీద పదార్థాల్ని విడదీసి చూసే పరీక్ష) కంటే ముందే చెప్పేస్తుంది. ఈ వంకతో ఫెనాంత్రీన్ సీసా కూడా ల్యాంప్ కింద పెట్టి చూడు, అదీ నీలంగా మెరిస్తే చాలాసార్లు ఆ వెలుగు ఫెనాంత్రీన్‌ది కాదు, అందులో మిగిలిపోయిన ఆంత్రసీన్‌ది.

ఎండ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. ఆంత్రసీన్ చిక్కటి ద్రావణాన్ని గాలి లేకుండా చేసి కిటికీలో ఎండకి పెడితే కొన్నాళ్ళకి అడుగున కొత్త పలుకులు దిగుతాయి, రెండు మాలిక్యూల్స్ ఎదురెదురుగా వచ్చి ఆ 9, 10 కార్బన్ల దగ్గరే జతకట్టేస్తాయి. 1867లోనే ఫ్రిట్‌షే అనే ఆయన ఇది గమనించి రాశాడు, అప్పటికి యూవీ ల్యాంపులూ లేవు, క్వాంటమ్ సిద్ధాంతమూ లేదు. ఆ జంటని వేడి చేస్తే విడిపోయి మళ్ళీ మామూలు ఆంత్రసీన్ అయిపోతుంది. గాలి ఉంటే మాత్రం కథ మారుతుంది, ఆక్సిజన్ వచ్చి అదే చోట వంతెనలా కూర్చుని పెరాక్సైడ్ అవుతుంది. సీసా బ్రౌన్ కలర్‌ది ఎందుకిస్తారు, బీరువాలో పెట్టమని ఎందుకంటారు అంటే ఇదే.

ఇక క్రోమిక్ యాసిడ్‌తో ఆక్సిడైజ్ చేస్తే మధ్య రింగు మీద రెండు ఆక్సిజన్లు ఎక్కి ఆంత్రాక్వినోన్ వస్తుంది, పసుపుగా ఉంటుంది. ఒక పెద్ద పరిశ్రమ మొత్తం ఇక్కడ్నుంచే పుట్టింది. 1832లో డ్యూమా, లోరాన్ అనే ఫ్రెంచి వాళ్ళు తారులో ఆంత్రసీన్‌ని కనిపెట్టినా ముప్పై ఏళ్ళకి పైగా దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1868లో బెర్లిన్‌లో గ్రేబె, లీబర్‌మాన్ ఇద్దరూ కలిసి మ్యాడర్ మొక్క వేళ్ళలోని ఎర్ర రంగు ఎలిజరిన్‌ని జింక్ పొడితో కలిపి బాగా వేడి చేస్తే ఆంత్రసీన్ వచ్చింది. అంటే ఎలిజరిన్‌కి అస్థిపంజరం ఇదే అని తేలింది, అయితే వెనక్కి కూడా వెళ్ళొచ్చు కదా అని ఆంత్రసీన్ నుంచి మొదలుపెట్టి 1869కల్లా ఎలిజరిన్ చేసేశారు. మొక్కల్లో దొరికే రంగుని ల్యాబ్‌లో తయారుచేయడం అదే మొదటిసారి. ఆ పద్ధతిలో బ్రోమిన్ వాడాలి, ఖర్చెక్కువ, తర్వాత సల్ఫ్యూరిక్ యాసిడ్ దారి దొరికింది. దానికి జర్మన్ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ వాళ్ళు లండన్‌లో పేటెంట్ వేసింది 1869 జూన్ 25న, ఇంగ్లండ్ కెమిస్ట్ పెర్కిన్ వేసింది జూన్ 26న. ఒక్క రోజు తేడా. చివరికి ఇద్దరూ మార్కెట్ పంచుకున్నారు, మునిగింది ఫ్రాన్సులో, హాలెండ్‌లో మ్యాడర్ పండించే రైతులు.

మన వైపు ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది, కోరమాండల్ తీరం అద్దకం బట్టలకి అంత పేరు రావడంలో దాని చలవ చాలా ఉంది. ఇప్పటికీ పెడన వెళ్తే కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద పటిక కలిపిన ద్రవంతో అచ్చు కొట్టి, కాలవ నీళ్ళలో జాడించి, రాగి కాగులో ఎలిజరిన్ వేసి ఉడికించడం చూడొచ్చు. కాగులోకి దిగేటప్పుడు అచ్చు దాదాపు కనపడదు, నీళ్ళు కాగేకొద్దీ పటిక ఉన్న మేరకి మాత్రం ఎరుపెక్కుతుంది. పటికలోని అల్యూమినియంని ఎలిజరిన్ గట్టిగా పట్టుకునేది ఎక్కడో తెలుసా, మధ్య రింగు మీద ఉన్న ఆక్సిజనూ, దాన్ని ఆనుకుని పక్క రింగులో ఉన్న ఓహెచ్‌లూ, అక్కడ. ఇవాళ ఆంత్రాక్వినోన్ అంతా తారు నుంచే రాదులే, థాలిక్ ఎన్‌హైడ్రైడ్‌తో బెంజీన్ కలిపి కూడా చేస్తారు.

ఈ కాలంలో దీని అవసరం వెలుగు కోసం. రేడియేషన్ తగిలితే మెరిసే ఆర్గానిక్ పలుకుల్లో ఎక్కువ వెలుగిచ్చేది ఆంత్రసీనే, ఎంతగా అంటే ప్లాస్టిక్ సింటిలేటర్లు (అలా మెరిసే ప్లాస్టిక్ ముక్కలు) అమ్మేవాళ్ళు కూడా ఆంత్రసీన్‌ని నూరుగా పెట్టుకుని మాది 60 శాతం, 65 శాతం అని డేటా షీట్‌లో రాస్తారు. 1963లో న్యూయార్క్‌లో మార్టిన్ పోప్ అనే శాస్త్రవేత్త బృందం ఆంత్రసీన్ పలుకుకి కరెంటు ఇచ్చి వెలిగించింది, దానికి 400 వోల్టులు కావాల్సొచ్చింది కాబట్టి వెంటనే ఎవరికీ పనికిరాలేదు, కానీ ఓఎల్ఈడీల (కరెంటు ఇస్తే వెలిగే ఆర్గానిక్ పొరల) మూలం వెతుక్కుంటూ వెళ్తే అక్కడికే చేరతాం. ఇప్పుడు ఫోన్ స్క్రీన్లలో నీలం రంగు పొరకి వాడే పదార్థాల్లో చాలావాటి నడుమ ఆంత్రసీన్ ఉంటుంది, 9, 10 దగ్గర పెద్ద పెద్ద గ్రూపులు తగిలించి అది పలుకులు కట్టకుండా, జతకట్టకుండా ఆపుతారు.

క్యాన్సర్ భయం గురించి. మీ సీనియర్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు, తారుకీ ఆంత్రసీన్‌కీ కలిపేసి చెప్పారు. కోల్ తార్, అందులోని బెంజోపైరీన్ క్యాన్సర్ తెస్తాయన్నది నిర్ధారణ అయిన విషయం, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ జాబితాలో ఆ రెండూ మొదటి గ్రూపులో ఉన్నాయి. బెంజోపైరీన్ ఒంట్లోకి వెళ్ళాక దాని వంపు మూల దగ్గర ఆక్సిజన్ చేరి ఎపాక్సైడ్ అయి డీఎన్‌ఏకి అతుక్కుంటుంది, నిటారుగా ఉండే ఆంత్రసీన్‌లో ఆ వంపు లేదు. అలాగని ఉప్పులా చేత్తో తీసుకోకు, ఏళ్ళ తరబడి మూడో గ్రూపులో, అంటే తేల్చలేం అన్న చోట ఉన్న ఆంత్రసీన్‌ని 2023లో జంతువుల మీద వచ్చిన ఫలితాలు చూసి 2బీకి, అంటే క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉందన్న చోటికి మార్చారు. గ్లవ్స్ వేసుకో, పొడి ఎగరనివ్వకు, అంతకి మించి భయపడాల్సిందేం లేదు.

నన్నడిగితే నువ్వు చూసుకోవాల్సింది ఎండ. తారు మీద పనిచేసేవాళ్ళు నీడలో ఉన్నంతసేపు బాగానే ఉండి మధ్యాహ్నం బయటికి రాగానే మెడా చేతులూ భగ్గున మండుతున్నాయని పరిగెత్తుకొచ్చి నీళ్ళు కొట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను, చూస్తే ఎర్రగా కంది ఉండేది. చర్మం మీద చేరిన ఆంత్రసీన్ లాంటివి యూవీని పీల్చుకుని ఆ ఎనర్జీని పక్కనున్న ఆక్సిజన్‌కి ఇస్తాయి, అది చర్మాన్ని కాలుస్తుంది. ఇందాక ల్యాంప్ కింద ముచ్చటపడి చూసిన గుణమే ఇక్కడ ఇలా తగులుతుంది. చేపల మీద కూడా అంతే, చీకట్లో ఏమీ చెయ్యని మోతాదు ఎండలో చంపేస్తుంది, అదీ లీటరుకి మైక్రోగ్రాముల లెక్కలో. ఐరోపా వాళ్ళు 2008లో అత్యంత ఆందోళనకరమైన రసాయనాల మొదటి జాబితా వేసినప్పుడే ఇది అందులో ఉంది, ఎందుకంటే తొందరగా విచ్ఛిన్నం కాదు, జీవుల్లో పేరుకుంటుంది, నీటి జీవులకి విషం. కాబట్టి మిగిలిన ద్రావణం సింకులో పోయొద్దు, వేస్ట్ సాల్వెంట్ క్యాన్‌లో పొయ్యి.

చివరగా ప్రాక్టికల్ విషయం ఒకటి, చాలామంది ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. ఆంత్రసీన్ మెల్టింగ్ పాయింట్ మామూలుగా ఒక వైపు తెరిచిన క్యాపిలరీలో తీస్తే 200 దాటేసరికి సరుకు ఆవిరై పైన చల్లటి గోడకి అంటుకుంటుంది, అడుగున చూస్తే ఏమీ మిగలదు, కరిగిందో ఎగిరిందో తెలియక ఏదో ఒక నంబరు రాసేస్తారు. క్యాపిలరీలో సరుకు పొట్టిగా నింపి పైవైపు కూడా మంటలో పెట్టి మూసెయ్యి, మొత్తం ట్యూబ్ వేడి బ్లాక్ లోపల మునిగేలా చిన్నగా కట్ చేసుకో, 200 నుంచి నిమిషానికి ఒకటి రెండు డిగ్రీలు మించకుండా పెంచు. నీ పసుపు సరుకుకి 213, 215 అలా వస్తే అదే రాయి, 216 రాలేదని దిద్దకు. తర్వాత టాలుయిన్‌లో రీక్రిస్టలైజ్ చేసి ఆరబెట్టి మళ్ళీ చూస్తే ఆ తేడా చాలావరకు పోతుంది. ల్యాంప్ కింద ఆకుపచ్చ మాత్రం అప్పుడు కూడా కొంచెం మిగిలే ఉంటుంది, వైవాలో ఎందుకని అడిగితే టెట్రసీన్ పేరు చెప్పు.